సంగీత విద్వాంసుడు బాక్ – ఆయన పోగొట్టుకున్న చూపు

సొప్రానో, ఆల్టో, టెనర్, బాస్ అని నాలుగు స్వరములుగా విడిపోయి ఆలయములో పాడే గాయక బృందములకు యోహాన్ సెబాస్టియన్ బాక్ అనే పేరు కొత్త కాదు. ఇంగ్లీషు పాటల పుస్తకములలో కొన్ని రాగములకు ఆయన కూర్చిన నాలుగు స్వరముల అమరిక నేటికీ అచ్చవుతున్నది. ఆయన సంగీతమును గురించి వ్రాసినవారు అనేకులు. ఆయన కన్నులను గురించి, ఆ కన్నులకు జరిగిన శస్త్రచికిత్సను గురించి, దాని తరువాత ఆయన పడిన నాలుగు నెలల బాధను గురించి మనవారిలో ఎరిగినవారు తక్కువ. కంటి ఆపరేషను చేయించుకున్నవారో, చేయించుకోబోతున్నవారో ఇంటింటా ఉన్నారు గనుక ఆ సంగతి తెలుసుకొనుట మనకు మేలు.

బాల్యము

బాక్ గారు 1685 మార్చి 21వ తేదీన జర్మనీలోని ఐసెనాక్ పట్టణములో జన్మించారు. మార్టిన్ లూథర్ గారు బాలుడుగా చదువుకున్నది ఆ ఊరిలోనే. క్రొత్త నిబంధనను జర్మన్ భాషలోకి తర్జుమా చేసిన కోట ఆ ఊరి కొండమీదనే ఉన్నది. బాక్ గారి తండ్రి యోహాన్ అంబ్రోసియస్ పట్టణపు వాద్యకారుడు. తాత ముత్తాతల నాటినుండి వారిది సంగీతమే వృత్తిగా గల కుటుంబము. ఇంటిలో అందరికంటె చిన్నవాడు సెబాస్టియన్.

1694లో తల్లి, మరుసటి సంవత్సరము ఆరంభములో తండ్రి చనిపోయారు. పది సంవత్సరములు నిండక ముందే తల్లిదండ్రులు లేనివాడైన ఆ పిల్లవానిని పెద్దన్న యోహాన్ క్రిస్టోఫ్ తన యింటికి తీసుకొనిపోయాడు. ఆయన ఓర్‌డ్రూఫ్ అనే ఊరిలో ఆర్గనిస్టు.

ఆ యింటిలో జరిగిన సంగతి ఒకటి బాక్ కుటుంబము వారు తరువాత చాలాకాలము చెప్పుకున్నారు. అన్నగారి దగ్గర పేరుగల విద్వాంసుల రచనలు వ్రాసియున్న పుస్తకము ఒకటి ఉండేది. తమ్ముడు ఎంత అడిగినా ఇవ్వక అల్లిక తలుపులున్న బీరువాలో పెట్టాడు. రాత్రి అందరూ పండుకున్న తరువాత ఆ బాలుడు చిన్న చేతులు సందులోనుండి దూర్చి, పుస్తకమును చుట్టగా చుట్టి బయటికి లాగి ప్రతి వ్రాసుకొనేవాడు. దీపము పెట్టుకొనే వీలులేదు గనుక వెన్నెల ఉన్న రాత్రులే వ్రాసేవాడు. అట్లు ఆరు నెలలు పట్టినది. చివరకు అన్నగారికి తెలిసి ఆ ప్రతిని కూడ తీసుకున్నాడు. బాక్ గారి చూపు పుట్టుకతోనే బలహీనమైనదనియు, చిన్ననాటినుండి రాత్రులు మేలుకొని చదువుటచేత మరింత పాడైనదనియు ఆయన కుమారుడు, శిష్యుడు కలిసి వ్రాసిన జీవిత సంగ్రహములో తెలిపారు.

ఉద్యోగములు, కుటుంబము

1700లో లూనెబర్గ్ పట్టణములో పాఠశాల గాయకుడుగా చేరి చదువు ముగించుకున్నారు. 1703లో ఆర్న్‌స్టాట్ ఆలయములో ఆర్గనిస్టు పని దొరికినది. 1705లో అక్కడినుండి సుమారు 400 కిలోమీటర్లు నడిచి లూబెక్ వెళ్లి, వృద్ధుడైన బుక్స్‌టెహూడె ఆర్గను విన్నారు. నాలుగు వారములు సెలవు తీసుకొని నాలుగు నెలలకు తిరిగి వచ్చినందుకు సంఘపు పెద్దలు ఆయనను పిలిచి మందలించారు.

1707లో మరియా బార్బరాను వివాహము చేసుకున్నారు. మరుసటి సంవత్సరము వైమార్ ప్రభువు కొలువులో చేరారు. 1717లో ఆ కొలువు విడిచిపోవుటకు పట్టుబట్టగా ప్రభువు కోపించి సుమారు నాలుగు వారములు చెరసాలలో పెట్టాడు. విడుదలయిన తరువాత కోతెన్ వెళ్లారు. 1720లో ప్రభువుతో కలిసి ప్రయాణమునుండి ఇంటికి తిరిగి వచ్చేసరికి భార్య మరణించి, సమాధి కార్యక్రమము కూడ జరిగిపోయినది. 1721 డిసెంబరులో గాయకురాలైన అన్నా మగ్దలేనాను వివాహము చేసుకున్నారు. ఇద్దరు భార్యలవలన ఆయనకు ఇరువదిమంది పిల్లలు. పెరిగి పెద్దవారైనది పదిమంది మాత్రమే. అన్నా మగ్దలేనా భర్త రచనలకు ప్రతులు వ్రాసి పెట్టేది. ఆమె వ్రాత ఆయన వ్రాతను ఎంతగా పోలియున్నదంటే తరువాతి కాలములో పండితులు కూడ పొరబడ్డారు.

1723లో లైప్‌జిగ్ పట్టణములో సెయింట్ తోమా ఆలయ పాఠశాలకు సంగీతోపాధ్యాయుడుగా నియమింపబడి చనిపోయేవరకు, అనగా 27 సంవత్సరములు, అక్కడనే ఉన్నారు. పిల్లలకు పాఠములు చెప్పవలెను. ఊరిలోని రెండు పెద్ద ఆలయములకు ఆదివారపు సంగీతము సిద్ధపరచవలెను. మొదటి సంవత్సరములలో దాదాపు వారమునకు ఒక కొత్త రచన చేసి, ప్రతి గాయకునికి, ప్రతి వాద్యకారునికి విడివిడిగా ప్రతులు వ్రాయించి, అభ్యాసము చేయించి ఆదివారము పాడించారు. ఈ పనిలో చాలాభాగము కొవ్వొత్తి వెలుగులో జరిగినది. అనేక రచనల మొదట యేసును సహాయము వేడుకొనే రెండు అక్షరములు, చివర మహిమ దేవునికే అని తెలిపే మూడు అక్షరములు వ్రాసుకొనుట ఆయన అలవాటు.

చూపు మందగించుట

అరువది దాటిన తరువాత చూపు బాగా తగ్గిపోయినది. 1749 నాటికి ఆయన చేతివ్రాతలో బిగుసుకుపోయిన, తడబడుతున్న గీతలు కనబడుతున్నవి. బి మైనర్ మాస్ అనే గొప్ప రచన చివరి భాగములను ఆ స్థితిలోనే ముగించారు. ఆ సంవత్సరము జూన్ 8వ తేదీన లైప్‌జిగ్‌లో ఒక విచిత్రము జరిగినది. బాక్ గారు బ్రతికి, ఉద్యోగములో ఉండగానే, ఆయన చనిపోయిన తరువాత ఆ స్థానమునకు ఎవరిని తీసుకొనవలెనో పరీక్షించుటకు హారర్ అనే మరియొక సంగీతజ్ఞునిచేత కచేరి చేయించారు. ఇరువది ఆరు సంవత్సరములు పనిచేసిన ఊరిలో అది వినుట ఏ ఉపాధ్యాయునికైనను ఎంత బాధో వేరే చెప్పనక్కరలేదు.

ఆయనకున్నది శుక్లమై యుండునని వైద్య చరిత్రకారులలో ఎక్కువమంది అభిప్రాయము. మిగిలిన శక్తితో దేవునికిని పొరుగువారికిని ఇంకను సేవ చేయవలెనను ఆశచేతను, స్నేహితుల ప్రోత్సాహముచేతను ఆయన శస్త్రచికిత్సకు ఒప్పుకున్నారు. అప్పుడే ఒక ఇంగ్లీషు కంటి వైద్యుడు లైప్‌జిగ్ వచ్చాడు.

టేలర్ అనే వైద్యుడు

ఆ వైద్యుని పేరు జాన్ టేలర్. 1703లో ఇంగ్లండులోని నార్విచ్‌లో పుట్టాడు. లండనులోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో చెసెల్డెన్ అనే ప్రసిద్ధ శస్త్రవైద్యుని దగ్గర నేర్చుకున్నాడు. 1736లో రాజు రెండవ జార్జికి కంటి వైద్యుడుగా నియమింపబడ్డాడు. కంటి నిర్మాణమును ఎరిగినవాడు, దానిమీద పుస్తకములు వ్రాసినవాడు. కేవలము చదువురాని నాటువైద్యుడని అతనిని తీసివేయుటకు వీలులేదు.

అతని లోపము మరియొకటి. ఊరూరు తిరిగే వైద్యుడు గనుక ఒక ఊరు చేరకముందే ప్రకటనలు వెళ్లేవి. జనమును పోగుచేసి పెద్ద ఉపన్యాసము చేసేవాడు. అందరూ చూస్తుండగా కంటికి సూది పెట్టేవాడు. తరువాత కట్టు కట్టి, ఇన్ని రోజులవరకు విప్పవద్దని చెప్పేవాడు. ఆ కట్టు విప్పే దినము వచ్చేసరికి చాలాసార్లు అతని బండి మరియొక ఊరిలో ఉండేది.

ఆ కాలపు శస్త్రచికిత్స

మన కంటిలో నల్లగుడ్డు వెనుక పప్పుబద్దవంటి స్వచ్ఛమైన కటకము ఒకటి ఉన్నది. వయసు మీరినప్పుడు అది మసకబారుటయే శుక్లము. ఈనాడు ఆ మసకబారిన కటకమును బయటికి తీసివేస్తారు. ఆనాడు తీసేవారు కారు. రోగిని కూర్చుండబెట్టి, వెనుకనుండి ఒకరు తల గట్టిగా పట్టుకొనగా, వైద్యుడు తెల్లగుడ్డు ప్రక్కనుండి సూది దూర్చి కటకమును కంటి అడుగుకు త్రోసేవాడు. దారికి అడ్డుగా ఉన్న పొర తొలగి వెలుతురు లోపలికి పోయేది. రోగి అప్పటికప్పుడే చేతివ్రేళ్లు లెక్కపెట్టేవాడు. చూచినవారు ఆశ్చర్యపోయేవారు. మన దేశములో సుశ్రుతుని గ్రంథములో వర్ణింపబడినది ఈ పద్ధతియే.

ప్రమాదము అక్కడే దాగియున్నది. త్రోసిన కటకము కంటిలోనే ఉండిపోవును. ఒక్కొక్కసారి తిరిగి పైకి తేలి చూపుకు అడ్డు వచ్చును. సూది మొన తగిలి కటకపు పైపొర చినిగితే లోపలి పదార్థము కారి కన్ను వాచిపోవును. కంటిలోని నీరు పోవు దారి మూసుకొనిపోతే ఒత్తిడి పెరిగి భరించలేని నొప్పి పుట్టును. దీనినే మనవారు నీటికాసులు అంటారు. కంటి వెనుక పొరకు దెబ్బ తగులవచ్చును, రక్తము కారవచ్చును. వీటన్నిటికంటె పెద్ద భయము చీము. సూక్ష్మక్రిముల సంగతి ఆనాడు ఎవరికిని తెలియదు. సూదిని తుడిచేవారే గాని మరిగించేవారు కారు. మత్తుమందు లేదు గనుక రోగి నొప్పికి తల కదిపితే చేయి తప్పును. ఎంత నేర్పరికైనను ఈ దెబ్బలలో ఏదో ఒకటి తగిలించే అవకాశము ఉన్నది.

1750 మార్చి, ఏప్రిల్

బాక్ గారికి 65 సంవత్సరములు నిండి వారము దాటినది. మార్చి నెల చివరి రోజులలో టేలర్ ఆయన కన్నులకు మొదటి శస్త్రచికిత్స చేశాడు. ఏప్రిల్ ఒకటవ తేదీన బెర్లిన్ పత్రికలో లైప్‌జిగ్ సంగీతోపాధ్యాయుడు బాక్‌కు టేలర్ చేసిన చికిత్స చక్కగా ఫలించినదని వార్త వచ్చినది. ఆ వార్త చదివినవారు సంతోషించియుందురు. కాని ఆ సంతోషము నిలువలేదు. ఏప్రిల్ మొదటి వారములో మరల సూది పెట్టవలసి వచ్చినది. అడుగుకు త్రోసిన కటకము తిరిగి పైకి తేలియుండునని ఇప్పటి వైద్యుల ఊహ. రెండవసారి చేసిన కొద్ది రోజులకే టేలర్ లైప్‌జిగ్ విడిచి తన దారిని తాను పోయాడు.

బాక్ గారికి మిగిలినది చీకటి. అంతకుముందున్న మసక చూపు కూడ పోయినది. కన్నులు ఎర్రబడి బాధించినవి. శరీరము అంతవరకు దృఢముగా ఉన్నది గాని, శస్త్రచికిత్సవలనను, దాని వెంబడి ఇచ్చిన హానికరమైన మందులవలనను పూర్తిగా పాడైపోయినదని ఇంటివారు తెలిపారు. కంటిలో చీము పట్టినదో, ఒత్తిడి పెరిగినదో, చినిగిన కటకమువలన వాపు వచ్చినదో ఎవరును వ్రాసి ఉంచలేదు. వ్రాయవలసిన వైద్యుడు ఊరిలో లేడు.

నాలుగు నెలలు అట్లు గడిచినవి. జూలై నెలలో ఒక ఉదయమున ఆయన కన్నులు తెరచి చూడగలిగారు, వెలుతురును ఓర్చుకొనగలిగారు. ఇంటిలో ఆశ చిగురించినది. కొన్ని గంటలకే పక్షవాతము వచ్చి పడిపోయారు. తీవ్రమైన జ్వరము పట్టుకున్నది. లైప్‌జిగ్‌లోని ఇద్దరు మంచి వైద్యులు చేయగలిగినది చేశారు. జూలై 22వ తేదీన ఇంటిలోనే ప్రభువు బల్లలో పాలు పొందారు. 1750 జూలై 28వ తేదీ సాయంత్రము ప్రభువునందు నిద్రించారు. ఊరి వెలుపల సెయింట్ జాన్ సమాధుల తోటలో ఉంచారు. సమాధిమీద పేరుగల రాయి కూడ లేకపోయినది. 1894లో వెదకి ఆయన ఎముకలని గుర్తించారు. 1950లో వాటిని ఆయన పనిచేసిన సెయింట్ తోమా ఆలయములో ఉంచారు.

అన్నా మగ్దలేనాకు పట్టణ సభవారు ఆరు నెలల జీతము ఇచ్చారు. పిల్లలు వేర్వేరు ఊళ్లకు చెదిరిపోయారు. భర్త ప్రతులను వ్రాసిన ఆ చేతులు తరువాత ధర్మముమీద ఆధారపడినవి. 1760 ఫిబ్రవరిలో ఆమె పేదరికములోనే మరణించినది.

1761లో టేలర్ తన జీవిత చరిత్రను అచ్చు వేయించాడు. లైప్‌జిగ్‌లో 88 సంవత్సరముల సంగీత విద్వాంసునికి తాను చూపు తెప్పించినట్లు అందులో వ్రాసుకున్నాడు. వయసు తప్పు, ఫలితము అబద్ధము. ఆ విద్వాంసుడు చనిపోయి అప్పటికి పదకొండు సంవత్సరములు. ఎవరి కన్నో, వయసు ఎంతో, ఏమైనదో గుర్తుపెట్టుకొనని మనిషి తన తప్పునుండి ఏమి నేర్చుకొనగలడు?

హాండెల్ సంగతి

క్రిస్మసు సమయమున మనము వినే హల్లెలూయ కోరసు కూర్చిన హాండెల్ కూడ 1685లోనే, ఐసెనాక్‌కు ఎంతో దూరము లేని హాలె పట్టణములో పుట్టాడు. బాక్ గారు ఆయనను కలుసుకొనవలెనని రెండుసార్లు ప్రయత్నించినను కలయిక జరుగలేదు. జీవితములో కలియని ఆ ఇద్దరినీ కంటి జబ్బు కలిపినది. 1751లో జెఫ్తా అనే రచన చేస్తుండగా హాండెల్ ఎడమ కన్ను మసకబారి పని ఆపవలసి వచ్చినది. 1752లో బ్రోమ్‌ఫీల్డ్ అనే వైద్యుడు శస్త్రచికిత్స చేసినను కొద్దికాలమునకే చూపు పూర్తిగా పోయినది. 1758లో టేలర్ కూడ ఆయన కన్నులకు సూది పెట్టినట్లు తెలియుచున్నది. ఫలితము లేదు. 1759 ఏప్రిల్ 14న హాండెల్ చూపులేకనే మరణించాడు.

తరువాత వచ్చిన మార్పు

బాక్ గారికి సూది పెట్టుటకు మూడు సంవత్సరములు ముందే, 1747లో, ఫ్రెంచి వైద్యుడు డావియెల్ శుక్లపు కటకమును త్రోయక బయటికి తీసే పద్ధతిని ఆరంభించాడు. అది అంతటా వ్యాపించుటకు చాలాకాలము పట్టినది. 1860ల తరువాత లిస్టర్ బోధించిన శుభ్రత శస్త్రవైద్యములో ప్రవేశించినది. 1884లో కార్ల్ కోలర్ కంటికి చుక్కలమందుతో తిమ్మిరి కలిగించుట కనుగొన్నాడు. అయినను మన దక్షిణ దేశములో సూదితో త్రోసే వైద్యులు ఇరువదవ శతాబ్దములో కూడ ఊరూరు తిరిగారు. 1819లో స్థాపింపబడిన మద్రాసు ప్రభుత్వ కంటి ఆసుపత్రిలో అధికారిగా పనిచేసిన ఎలియట్, ఆ విధముగా పాడైన కన్నులను అనేకము పరీక్షించి 1917లో ఒక పుస్తకమే వ్రాశాడు. టేలర్ వ్రాయనిది ఎలియట్ వ్రాశాడు: సూది పెట్టిన తరువాత ఆ కన్ను ఏమైనది?

ప్రమాదవశాత్తు తగిలిన దెబ్బను జాగ్రత్తగా గమనించుటవలన మేలు కూడ కలిగినది. రెండవ ప్రపంచ యుద్ధములో విమానపు అద్దము పగిలి పైలట్ల కన్నులలో ఆ ప్లాస్టిక్ ముక్కలు దిగినవి. అవి లోపల ఉండిపోయినను కన్ను వాచలేదని లండను వైద్యుడు హెరాల్డ్ రిడ్లీ గమనించాడు. ఆ ప్లాస్టిక్ జాతితోనే కటకము చేయించి 1949 నవంబరు 29న ఒక రోగి కంటిలో అమర్చాడు. అది జరిగినది టేలర్ చదువుకున్న ఆ సెయింట్ థామస్ ఆసుపత్రిలోనే. నేడు మనవారికి పెట్టుచున్న కటకములకు అది మొదలు.

నేటికిని శుక్లపు ఆపరేషనులో ప్రమాదము పూర్తిగా పోలేదు. కటకమునకు వెనుకనున్న పలుచని పొర చినుగవచ్చును. మసక కటకపు ముక్క లోపలికి జారవచ్చును. అరుదుగా చీము పట్టవచ్చును. మంచి వైద్యుని చేతిలో కూడ ఇవి జరుగును. తేడా ఏమనగా, వైద్యుడు వెంటనే గుర్తించితే, రోగి వెంటనే తిరిగి వస్తే, చాలావరకు సరిచేయవచ్చును. ఆలస్యమైతే కన్ను పోవును.

కాబట్టి ఆపరేషను ఎవరు చేస్తారని అడిగినట్లే, తరువాత ఎవరు చూస్తారని కూడ అడగాలి. శిబిరములో చేయించుకుంటే మరునాడు, వారము తరువాత ఎక్కడికి రావలెనో ముందే తెలుసుకొనాలి. ఆపరేషను తరువాత నొప్పి ఎక్కువైనను, ఎరుపు పెరిగినను, వచ్చిన చూపు తగ్గినను తెల్లవారేవరకు ఆగక ఆసుపత్రికి పోవాలి. మన పెద్దవారిలో తెలుగు తప్ప వేరే చదువరాని వారు ఉన్నారు. ఆసుపత్రివారు తమిళములోనో, కన్నడములోనో, ఒడియాలోనో, మరాఠీలోనో ఇచ్చిన మందుల చీటీని ఇంటిలోని పిల్లలు తెలుగులో వ్రాసి మంచము ప్రక్కన పెట్టితే అది చిన్న సేవ కాదు.

బాక్ గారి కంటికి తగిలిన దెబ్బకు ఆ కాలపు అజ్ఞానము కొంత కారణము. దానికి టేలర్ ఒక్కడే బాధ్యుడు కాడు. కాని దెబ్బ తగిలిన కన్ను దగ్గర నిలువకపోవుటకు ఏ కాలపు అజ్ఞానమును కారణము కాదు. చికిత్స చేసిన చేయి కట్టు విప్పే దినమున కూడ అక్కడ ఉండవలెనని బాక్ గారి చివరి నాలుగు నెలలు మనకు చెప్పుచున్నవి.